ఎడమకు లాగే బండి

పాత బళ్ళ సంఘానికి తొమ్మిదిమంది సభ్యులు, తొమ్మిది మోటార్ సైకిళ్ళు, ఒక పుస్తకం ఉన్నాయి. బళ్ళన్నీ ఐరోపా నుంచి వచ్చినవే. అన్నిటికన్నా చిన్నదానికి కూడా యాభై ఏళ్ళు దాటాయి. సభ్యుల్ని పేర్లతో కాక పనులతో పిలుచుకోవడం అక్కడ అలవాటు. జర్మనీ బండి పళ్ళ డాక్టరుది, చెక్ బండి పోస్టమ్మది. ఎర్రటి ఇటలీ బండి ఒక దర్జీది. ఆయన్ని ఎదురుగా ‘మాస్టారూ’ అంటారు, పక్కకెళ్ళాక ‘కత్తెర’ అంటారు. ఆ రెండోపేరు కుట్టుపని వల్ల రాలేదు, పుస్తకం వల్ల వచ్చింది.

ఆ పుస్తకం సంగతి ముందే చెప్పుకోవాలి. నెలకో ఆదివారం పొద్దున్నే అందరూ ఊరి చివర మూతపడ్డ బట్టల మిల్లు ఆవరణలో కలుస్తారు. తలా ఒక కుడిచేతి గ్లవ్ తీసి కాన్వాసు సంచిలో వేస్తారు. సంచిలో చెయ్యి పెట్టి తీసినప్పుడు ఎవరి గ్లవ్ వస్తే వాళ్ళ బండి నడపాలి. మిల్లు రోడ్డు, రైల్వే గేటు, నీళ్ళ ట్యాంకు గుట్ట మీద మలుపులు, మళ్ళీ వెనక్కి, మొత్తం పంతొమ్మిది కిలోమీటర్లు. తిరిగొచ్చాక టీ తాగకముందే ఆ బండి ఎలా నడిచిందో పుస్తకంలో ఒక పేజీ రాయాలి. ఆ పేజీని బండిగలవాళ్ళే అందరి ముందూ నిలబడి పైకి చదవాలి. చదివాక మళ్ళీ నెల దాకా ఒక్క మాట జవాబు చెప్పకూడదు.

ఈ చివరి రూలు పెట్టింది కత్తెరే. మొదట్లో ఆ రూలు లేదు. ‘ఇంజను వేడెక్కనిచ్చావా?’, ‘నీకు కిక్కు కొట్టడం వచ్చా?’ అంటూ ప్రతి ఆదివారం కొట్లాటే. విని విని విసుగెత్తి, చదివి నోరు మూసుకోవాలని ఆయన రూలు రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాడు. తర్వాత ఆ రూలును తనే అందరికన్నా బాగా వాడుకున్నాడు. ‘బ్రేకు వేసినప్పుడు పడదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు పడుతుంది’ అని పళ్ళ డాక్టరు బండి మీద రాశాడు. ‘ఇందులో గేరు మారిందా లేదా అన్నది నమ్మకానికి సంబంధించిన విషయం’ అని పోస్టమ్మ బండి మీద రాశాడు. డాక్టరు అది చదివి రెండువారాలు సరిగ్గా నిద్రపోలేదట. అయినా ఆ నెలలోనే బ్రేకు బాగుచేయించాడు. కత్తెర రాసింది తప్పని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. అందరి కడుపుమంటా అదే.

ఆయన ఇటలీ బండి ఊళ్ళోకి ఆరు చెక్కపెట్టెల్లో వచ్చింది. ముక్కలుగా వచ్చినదాన్ని బండిగా నిలబెట్టడానికి ఆరేళ్ళు పట్టింది. మూడువందల యాభై సీసీ, ఒకే సిలిండరు. దాన్ని లేపడమే ఒక తంతు. కార్బురేటర్ పక్కనున్న బుడిపెను వేలికి పెట్రోలు తడి తగిలేదాకా నొక్కి పట్టాలి. కిక్కు మెల్లగా తొక్కుతూ గట్టిగా ఎదురుతన్నే చోటు పట్టుకోవాలి, దాన్ని ఒక్క పిసరు దాటించాలి, అప్పుడు నిండుగా తొక్కాలి. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. కొత్తవాళ్ళు గాభరాలో బ్రేకనుకుని గేరు తొక్కేస్తారు. కానీ అరవై దాటిందంటే ఆ దబదబలన్నీ కలిసిపోయి ఒక్కటే గొంతు అవుతుంది. మలుపులో హ్యాండిల్ తిప్పక్కర్లేదు, ఎటు చూస్తే అటు పోతుంది. కత్తెర భార్య దానికి దొరసాని అని పేరు పెట్టింది. ఆ మాట ముద్దుగా అందో మంటగా అందో ఆయన ఎన్నడూ అడగలేదు.

దొరసాని తయారయ్యాక, అంతవరకూ సంఘానికి తెచ్చే తన పాత బండిని అమ్మేశాడు, కానీ ఏడాదిన్నర పాటు ఆయన గ్లవ్ సంచిలో పడలేదు. ‘ఇంకా రన్నింగ్-ఇన్‌లో ఉంది, ఇంజను కుదురుకోవాలి’ అనేవాడు. రావడం, చూడటం, టీ తాగి వెళ్ళడం. ఆ ఏడాదిన్నరా సంఘం ప్రశాంతంగా బతికింది.

అసలు సంగతి వేరే ఉంది. ఆయనకు ఒక్కతే కూతురు. భూములు కొలిచే సర్వేయరు. పద్దెనిమిదో ఏట నాన్న దగ్గరే, ఆయన పాత బండి మీద, కుడికాలి గేరు నేర్చుకుంది. దొరసాని మీద ఆమెకు మొదటినుంచీ కన్ను. అడిగితే ఆయన అన్నాడు: "పుస్తకంలో మచ్చలేని పేజీ ఒక్కటి రానీ. మర్నాడే బండి నీది." మాటైతే ఇచ్చాడు. తన చేతిపనికి మచ్చలేని పేజీ కావాలన్న ఆశ, అది వస్తే బండి చెయ్యిదాటిపోతుందన్న దిగులు రెండూ ఆయనలో సరిసమానంగా ఉన్నాయి. రన్నింగ్-ఇన్ ఏడాదిన్నర సాగింది అందుకే.

చివరికి కూతురే ఒక ఆదివారం ఆయన గ్లవ్ లాక్కుని సంచిలో వేసింది. అది పోస్టమ్మ చేతికి వచ్చింది.

పోస్టమ్మ రోజంతా బండి మీద ఉండే మనిషి. పొగడటం, తిట్టడం రెండూ ఆమెకు టైమ్ వేస్టు. వెళ్ళింది, వచ్చింది, హెల్మెట్ తీసి మిల్లు మెట్లమీద కూర్చుని రాసింది. కత్తెర పుస్తకం అందుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకోవాల్సిన అవసరం ఆయనకు అంతకుముందెప్పుడూ రాలేదు.

"‘రెండో కిక్కుకే అందుకుంది. గేర్లు వెన్న. బ్రేకుల్ని నమ్ముకోవచ్చు. ఇంజను మీద ఒక చెడ్డమాటైనా రాద్దామని దారంతా వెతికాను, దొరకలేదు.’"

ఎవరో ఈల వేశారు. ఆయన ముఖం విప్పారింది. అక్కడితో ఆగి కూర్చుని ఉంటే బాగుండేది, కానీ పేజీలో ఇంకా మూడు లైన్లున్నాయి.

"‘కానీ బండి ఎడమకు లాగుతోంది. గుట్టకిందున్న తిన్నని రోడ్డు మీద అరవైలో చేతులు వదిలాను, మూడుసార్లు. మూడుసార్లూ ఎడమకే పోయింది.’"

పుస్తకం మూసి బల్లమీద పెట్టాడు. మిగతా ఎనిమిదిమందీ ఆయన నోటివంకే చూస్తున్నారు. రూలు ఆయనదే కాబట్టి నోరు మెదపలేదు. టీ మాత్రం తాగలేదు.

ఇంటికొచ్చాక రూలు లేదు. కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో భార్య గుండీలు కుడుతోంది.

"ఎడమకు లాగుతోందట! ఆవిడ యూనిఫారం కోటు ఎవరు కుట్టారు? నేను. ఇరవై ఏళ్ళు ఉత్తరాల సంచీ మోసి మోసి ఎడమ భుజం ముప్పావు అంగుళం జారిపోయింది. వంకరంతా మనిషిలో పెట్టుకుని బండిని అంటుందా?"

"ఆ ముక్క ఆమెకే చెప్పకపోయారా?"

"ఛ! కస్టమర్‌కి ఎలా చెప్తాను?"

భార్య దారం పంటితో తెంపి ఇంకో గుండీ తీసుకుంది.

ఆయన అన్నది వృత్తిధర్మం. నలభై ఏళ్ళుగా ఆ కొట్లో జరుగుతున్నది అదే. సరిసమానమైన భుజాలతో వచ్చేవాళ్ళు వందకు పదిమంది ఉండరు. టేపు పట్టగానే ఆయనకు తెలిసిపోతుంది. నోటితో అనడు. కొలతల పుస్తకంలో ఆ భుజం అంకె పక్కన చిన్న చుక్క పెడతాడు. జారిన భుజం దగ్గర కోటు లోపల ఫెల్టు ప్యాడ్, అంటే అణిచిన ఉన్నిగుడ్డ, ఒక పొర ఎక్కువ వేస్తాడు. కస్టమర్ మూడు పలకల నిలువుటద్దంలో చూసుకుని, తను నిటారైన మనిషినే అనుకుని సంతోషంగా వెళ్ళిపోతాడు. బండి పుస్తకంలో ఒక్క లోపాన్నీ వదలని మనిషి, కొలతల పుస్తకంలో చుక్కకు మించి ఏమీ రాయలేదు.

బుధవారం మధ్యాహ్నం పళ్ళ డాక్టరును పిలిపించాడు. డాక్టరు క్లినిక్కుకు తాళం వేసి మరీ వచ్చాడు. ఇలాంటి అవకాశం మళ్ళీ దొరకదని ఆయనకు తెలుసు. దొరసాని మీద రైల్వే గేటుదాకా వెళ్ళి వచ్చాడు.

"అమోఘం మాస్టారూ. ఇంజను అమోఘం."

"నేనడిగింది ఇంజను సంగతి కాదు."

"ఎడమకే." డాక్టరు నవ్వు ఆపుకోవడానికి హెల్మెట్ బెల్టు వెతుక్కున్నాడు.

కొలతల పుస్తకంలో డాక్టరు పేజీలోనూ ఎడమభుజం పక్కన చుక్క ఉంది. ముప్పయ్యేళ్ళు రోగి నోట్లోకి వంగి చూసిన మనిషి. ఆయన వెళ్ళగానే కత్తెర ఆ పేజీ తీసి భార్యకు చూపించాడు. "ఇదిగో, ఇతనూ ఎడమే!" ఈసారి ఆ గొంతులో మొదటి రోజున్న జోరు లేదు.

ఆదివారం కూతురు వచ్చింది. ఆమెను బండి మీద పంపేముందు ఆయన చాలాసేపు తటపటాయించాడు. కారణం ఒకటే. ఆమె కొలతలు ఆయన దగ్గర అయిదో ఏటినుంచీ ఉన్నాయి. స్కూలు గౌను, కాలేజీ కోటు, ఎండలో తిరిగే ఉద్యోగానికి పొడుగుచేతుల చొక్కాలు, అన్నీ ఉన్నాయి. ఒక్క ఏడాది పేజీలోనూ చుక్క లేదు. వందలో ఆ పదిమందిలో ఒకతె తన ఇంట్లోనే పుట్టిందని ఆయనకు లోలోపల గర్వం. ఆమె కూడా ఎడమకే అంటే ఇక చెప్పుకోవడానికి సాకు మిగలదు.

కొట్టు గుమ్మంలో నిలబడి బండి శబ్దం వీధి మలుపు దాటడం, పలచబడటం విన్నాడు. పావుగంటకు అదే శబ్దం తిరిగొచ్చింది. కూతురు ఇంజను ఆపింది కానీ వెంటనే దిగలేదు.

"చెప్పవే తల్లీ."

"నాన్నా, బండి ఎంత బాగుందంటే..."

"ఎటు?"

"ఎడమకి."

ఆయన మెట్టుమీద కూలబడ్డాడు. తర్వాత లేచి, లోపలికెళ్ళి దారపు ఉండ, సుద్దముక్క, టేపు తెచ్చాడు.

ఇద్దరూ కలిసి రెండుగంటలపాటు బండి కొలతలు తీశారు. వెనకచక్రం నుంచి ముందుచక్రం దాకా దారం బిగించి పట్టుకున్నారు. దారం నాలుగుచోట్లా సమానంగా తాకింది. హ్యాండిల్ రెండు వైపులా టేపు పెట్టారు. బరువు కట్టిన దారం వేలాడదీసి ఫ్రేము చూశారు. కూతురు తన సంచిలోంచి నీళ్ళబుడగ ఉండే లెవెల్ బద్ద తీసి ఎక్కడ పెట్టినా బుడగ నడిమధ్యనే నిలబడింది. బండి ఎక్కడా వెంట్రుకవాసి కూడా వంగలేదు.

"మిగిలింది సీటే నాన్నా."

"సీటు నేను కుట్టింది." ఆ మాటతో చర్చ అయిపోయిందన్నట్టు దారం చుట్టేయసాగాడు.

"అందుకే చూడమంటోంది," అంది లోపల్నుంచి భార్య.

కూతురు బద్దను సీటు మీద అడ్డంగా పెట్టింది. బుడగ గబుక్కున కుడివైపుకు పోయి అక్కడే ఆగింది. కుడివైపు ఎత్తుగా ఉంది, కూర్చున్నవాళ్ళ బరువు ఎడమకు ఒరుగుతోంది.

సీటు విప్పి కొట్లోకి తెచ్చి కత్తిరించే బల్లమీద బోర్లించాడు. తన చేతికుట్టును తనే ఒక్కొక్కటీ విప్పాడు. తోలు కింద స్పాంజి, స్పాంజి కింద కుడివైపున ప్యాడ్లకు వాడే ఫెల్టు, మూడు పొరలు. ఎడమవైపున ఒక్కటీ లేదు. చూడగానే అన్నీ గుర్తొచ్చాయి. సీటు పూర్తయిన రోజు ఎక్కి కళ్ళుమూసుకుని కూర్చున్నాడు. కుడివైపు కాస్త పల్లంగా తోచింది. ఒక పొర వేశాడు. మళ్ళీ కూర్చున్నాడు, ఇంకొకటి వేశాడు. మూడోదానికి సమంగా కుదిరింది. ఊళ్ళో సగంమందిని టేపుతో కొలిచిన మనిషి ఆ ఒక్కసారి టేపు తియ్యలేదు.

"సీటు పల్లంగా ఉందనుకున్నాను," అన్నాడు మెల్లగా.

భార్య చేతిలోని చొక్కా పక్కనపెట్టి, కొలతల పుస్తకం దించి, వెనక పేజీల్లో ఒకటి తీసి ఆయన ముందుంచింది. అవి ఆయన కొలతలు, ఆమె రాతలో ఉన్నాయి. ఆయన చొక్కాలు ఇరవయ్యేళ్ళుగా కుడుతున్నది ఆమే. కుడిభుజం పక్కన చుక్క ఉంది. మొదట చిన్నది, తర్వాత ఏళ్ళ చొక్కాలకు పక్కన ఇంకో చుక్క, ఇంకో చుక్క.

ఆయన తొడుక్కున్న చొక్కా విప్పి భుజం దగ్గర లోపలికి తిప్పాడు. కుడివైపు కుట్టు కింద పలచటి మడత ఒకటి, కనబడకుండా ఎంతో నేర్పుగా కుట్టి ఉంది. బనీనుతో మూడు పలకల అద్దం ముందు నిలబడ్డాడు. నలభై ఏళ్ళు ఇతరుల్ని నిలబెట్టిన చోటు అది. కుడిభుజం అంగుళం కిందికి ఉంది. నలభై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి, మిషను మీదికి వాలిన పక్క. అద్దంలో మూడు వైపులనుంచీ అదే కనిపించింది.

"ఇరవయ్యేళ్ళుగా తెలుసా నీకు? ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు ఎవరికైనా చెప్పారా?"

ఆయనకు కోపం వచ్చింది. కోపం ఎవరిమీదో తేలక కాసేపట్లోనే చల్లారింది. దానివెనక సిగ్గు వచ్చింది. పోస్టమ్మను అన్న మాటలు, డాక్టరు పేజీ తీసి చూపించిన తీరు గుర్తొచ్చాయి. సిగ్గుకు అడుగున ఇంకొకటి ఉంది. ఇరవయ్యేళ్ళు ఒక మనిషి తన చొక్కాల్లో ఆ మడత పెడుతూ కూర్చుంది. దానికి ఏం పేరు పెట్టాలో ఆయనకు తెలియలేదు.

కూతురు బల్లమీది ఫెల్టు పొరల్ని వేలితో సర్దింది. "నాన్నా, ఇవి ఇలాగే ఉంచెయ్. నువ్వూ నడపాలి కదా. నాకేం, నాలుగు నెలలు నడిపితే నడుమే అలవాటు పడుతుంది."

"అలవాటు పడుతుందా?" ఆయన ఒక్కసారిగా గొంతు పెంచాడు. "అలవాటు పడటమంటే ఏంటో తెలుసా నీకు? ఇదీ!" అని తన భుజం చూపించాడు. "ఇరవై అయిదేళ్ళ పేజీలున్నాయి నీవి. ఒక్క చుక్క లేదు. నా చేత్తో పెట్టమంటావా?"

ఆయన ఫెల్టు మూడు పొరలూ లాగి కిందపడేశాడు. తర్వాత టేపు మెళ్ళో వేసుకుని, కూతుర్ని బల్ల అంచున కూర్చోబెట్టి, సీటు కోసం కొలతలు తీసుకున్నాడు. ఆమె కదిలితే చిన్నప్పటిలాగే "ఊఁ" అని కసిరాడు. భార్య అంకెలు రాసుకుంది.

సీటు కుట్టి బిగించాక ఒక పొద్దున్న తనే బండి తీసుకుని మిల్లు రోడ్డుకు వెళ్ళాడు. బుడిపె, పెట్రోలు తడి, కిక్కు, అన్నీ పాత పద్ధతే. మొదటి కిలోమీటరులోనే నడుం పల్లంలోకి జారుతున్నట్టనిపించింది. అరవైలో చేతులు వదిలాడు. బండి కుడికి పోయింది. పట్టుకుని సరిచేసి మళ్ళీ వదిలాడు. మళ్ళీ కుడికే. పంతొమ్మిది కిలోమీటర్లూ దాన్ని ఎడమకు లాక్కుంటూనే నడిపాడు. ఇల్లు చేరేసరికి పక్కటెముకలు పట్టేశాయి. గుట్ట మీద మలుపుల్లో ఎటు చూస్తే అటు పోయే బండి ఇప్పుడు ఆయన చూపు వినడం లేదు. ఆ బాధ పక్కటెముకల నొప్పికన్నా ఎక్కువగా ఉంది. ఆరేళ్ళు కష్టపడి నిలబెట్టినదాన్ని తన చేతులతోనే తనకు కాకుండా చేసుకున్నాడు.

మళ్ళీ నెల వచ్చింది. సీటు ఆమె కొలతకు కుట్టింది కాబట్టి ఇటలీ బండి తరఫున సంచిలో కూతురి గ్లవ్ పడింది. అందరి గ్లవ్‌లకన్నా అది చిన్నది, వేళ్ళతో తడిమితే తెలిసిపోతుంది. మొదట సంచిలో చెయ్యిపెట్టిన పోస్టమ్మ చాలాసేపు వెతికి మరీ దాన్నే తీసింది. తీసి, కత్తెర ముందు పెట్టింది.

"మాస్టారూ, ఇది మీ చేతికి వచ్చిందనుకోండి."

"రూలు ఒప్పుకోదు చెల్లెమ్మా. ఎవరు తీస్తే వాళ్ళే."

"మీ రూళ్ళు మాకు కొత్తా? నడపండి. మీ బండి మీద మీరేం రాస్తారో చదవాలని మాకూ ఉండదా?"

మిగతావాళ్ళలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. ఆయన వెళ్ళాడు. వచ్చి మిల్లు మెట్లమీద కూర్చుని ఎక్కువ ఆలోచించకుండా రాశాడు. కూతురు పుస్తకం తీసుకుని నిలబడింది. సంఘంలో ఆమెకు అదే మొదటి పేజీ.

"‘మొదటి కిక్కుకే అందుకుంది. ఈ ఇంజను గురించి నాకు తెలిసింది రాస్తే ఈ పుస్తకం చాలదు, కాబట్టి రాయను. అరవైలో చేతులు వదిలాను. బండి కుడికి లాగింది.’"

డాక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. ఆమె చదువుతూ పోయింది.

"‘చక్రాలు, ఫ్రేము, సీటు అన్నీ దారం పెట్టి చూసినవే, ఎక్కడా తేడా లేదు. వంకర రాస్తున్నవాడి కుడిభుజంలో ఉంది, అంగుళం. పోయిన నెల పేజీలో పోస్టమ్మ రాసింది అక్షరాలా నిజం. ఆమెను నేను ఇంట్లో కూర్చుని అన్న మాటలు తప్పు. ఈ పేజీని మచ్చలేని పేజీగా లెక్కవెయ్యాలి. బండి ఇవాళ్టినుంచి మా అమ్మాయిది.’"

ఇంకో రెండు లైన్లున్నాయి. ఆమె ఆగి వాటిని ముందు తనలో తను చదువుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది.

"‘బండిగలామెకు ఒక మాట. ఎవరు ఏమన్నా ఈ సీటు కింద ఏమీ పెట్టకు. ఎప్పుడైనా ఒకసారి నడపమని నాకిచ్చినా సరే, నాకోసం కూడా పెట్టకు.’"

ఆమె పుస్తకం మూసి, తలెత్తి, నోరు తెరిచింది. కత్తెర అప్పటికే టీ గ్లాసు అందుకుని గుట్టవైపు చూస్తున్నాడు. మళ్ళీ నెల దాకా ఆమె ఒక్క మాట జవాబు చెప్పడానికి వీల్లేదు. ఆ రూలు పెట్టింది వాళ్ళ నాన్నే.